కేంద్ర బ్యాంకు అధిపతి ఎంపిక: నాయకుడి నిర్ణయాన్ని ఎలా అంచనా వేయాలి?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- రిజర్వు బ్యాంకు గవర్నరును ఎవరు, ఏ చట్టం ప్రకారం నియమిస్తారో చెప్పగలుగుతారు.
- ఈ నియామకం మిగతా నియామకాల కంటే ఎందుకు భిన్నమైనదో వివరించగలుగుతారు.
- వై.వి. రెడ్డి, డి. సుబ్బారావు నియామకాలను ఉదాహరణలుగా తీసుకొని, ఎంపికలోని మంచిచెడ్డలను ఫలితంలోని అదృష్ట దురదృష్టాల నుంచి వేరు చేయగలుగుతారు.
- ఇకముందు జరిగే నియామకాలను నాలుగు ప్రశ్నల సాయంతో మీరే పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

మీలో చాలామంది వారమంతా ఉద్యోగం చేసి ఆదివారం తరగతులకు వచ్చేవారు. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసేవారూ మీలో ఉంటారు. అందుకని అక్కడి ఉదాహరణతోనే మొదలుపెడదాం.

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఒకరు కొండాపూర్‌లో ఫ్లాటు కొనడానికి 50 లక్షల రూపాయలు, 20 ఏళ్ల కాలానికి అప్పు తీసుకున్నారనుకోండి. వడ్డీ 8 శాతమైతే నెల వాయిదా సుమారు 41,800 రూపాయలు. అదే 9 శాతమైతే సుమారు 45,000 రూపాయలు. నెలకు దాదాపు 3,200 రూపాయల తేడా. 20 ఏళ్లకు లెక్క కడితే ఏడున్నర లక్షలు దాటుతుంది. ఇక అదే ఇంట్లో ఆయన తండ్రి ఉన్నారనుకోండి. పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ఆ వడ్డీతో మందులు కొనుక్కుంటారు. వడ్డీ తగ్గితే కొడుకు సంతోషిస్తాడు, తండ్రి దిగులుపడతాడు. ధరలు పెరిగితే ఇద్దరూ నష్టపోతారు.

ఈ వడ్డీ రేట్లకు దిశ చూపేది భారతీయ రిజర్వు బ్యాంకు. దాని అధిపతిని గవర్నరు అంటారు. రాష్ట్ర గవర్నరుకూ ఈ పదవికీ పేరులో తప్ప పోలిక లేదు. సి. రంగరాజన్ ఈ రెండు పదవులనూ నిర్వహించారు. 1992 నుంచి 1997 దాకా రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండి, ఆ తరవాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చారు.

రిజర్వు బ్యాంకు గవర్నరును మనం ఓటు వేసి ఎన్నుకోం. మనం ఎన్నుకొన్న నాయకులు ఆయన్ని ఎంపిక చేస్తారు. కాబట్టి ఆ ఎంపిక ఎలాంటిదని అడిగే హక్కు మనకుంది. ఆ ప్రశ్నను సరిగా అడగటం ఎలాగో తెలుసుకోవడమే ఈ పాఠం.

2. చట్టం ఏమంటుంది?

భారతీయ రిజర్వు బ్యాంకు చట్టం 1934లో వచ్చింది. దాని 8వ సెక్షన్ ప్రకారం గవర్నరునూ, నలుగురికి మించకుండా డిప్యూటీ గవర్నర్లనూ కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. పదవీకాలం ఎంతో నియామక సమయంలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అది అయిదేళ్లకు మించరాదు. కాలం ముగిశాక మళ్లీ నియమించవచ్చు. 11వ సెక్షన్ ప్రకారం గవర్నరును తొలగించే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. 7వ సెక్షన్ ప్రకారం, ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమనుకుంటే, గవర్నరును సంప్రదించిన తరవాత బ్యాంకుకు ఆదేశాలు ఇవ్వవచ్చు.

2016లో ఈ చట్టాన్ని సవరించి ద్రవ్య విధాన కమిటీని ఏర్పాటు చేశారు. ఇందులో ఆరుగురు సభ్యులు. ముగ్గురు రిజర్వు బ్యాంకు వారు, ముగ్గురు ప్రభుత్వం నియమించే బయటివారు. ఓట్లు సమానమైతే గవర్నరుకు నిర్ణాయక ఓటు ఉంటుంది. రిటైల్ ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాకు లోబడి నిలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం నిర్దేశించింది. లక్ష్యాన్ని ప్రభుత్వం పెడుతుంది, దాన్ని చేరే దారిని కమిటీ ఎంచుకొంటుంది. ఈ విభజనను గుర్తుంచుకోండి. స్వతంత్రత అంటే ప్రజలకు జవాబు చెప్పనవసరం లేదని కాదు. ప్రజల తరఫున ప్రభుత్వం అప్పగించిన పనిని రోజువారీ ఒత్తిడి లేకుండా చేయడమని అర్థం.

3. ఈ ఎంపిక ఎందుకు కష్టం?

ఒక నాయకుడు తన కార్యదర్శిని ఎంచుకొనేటప్పుడు చెప్పిన పని చక్కగా చేసేవారి కోసం చూస్తాడు. కేంద్ర బ్యాంకు విషయంలో అలా కుదరదు. అవసరమైనప్పుడు తనకే కాదని చెప్పగలిగే వ్యక్తిని నాయకుడు తానే వెతికి కుర్చీలో కూర్చోబెట్టాలి.

ఇబ్బంది కాలంతో వస్తుంది. వడ్డీ తగ్గిస్తే అప్పులు సులువుగా దొరుకుతాయి, వ్యాపారం పుంజుకొంటుంది, ఓటరు సంతోషిస్తాడు. దాని వల్ల ధరలు పెరిగితే ఆ సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. లాభం ఎన్నికలకు ముందు, నష్టం ఎన్నికల తరవాత అన్నమాట.

అమెరికా చరిత్రలో దీనికి రెండు ఉదాహరణలు చెబుతారు. అధ్యక్షుడు నిక్సన్ తనకు సన్నిహితుడైన ఆర్థర్ బర్న్స్‌ను 1970లో ఫెడరల్ రిజర్వు అధిపతిని చేశాడు. 1972 ఎన్నికల ముందు డబ్బు సులువుగా దొరికేలా చూడమని ఆయనపై ఒత్తిడి తెచ్చిన సంగతి వైట్‌హౌస్ సంభాషణల రికార్డుల్లో బయటపడింది. ఆ దశాబ్దంలో అమెరికాలో ధరలు విపరీతంగా పెరిగాయి. చమురు ధరలు కూడా అందుకు కారణమే.

ఇందుకు పూర్తిగా భిన్నమైనది రెండో ఉదాహరణ. అధ్యక్షుడు కార్టర్ 1979లో పాల్ వోల్కర్‌ను నియమించాడు. వోల్కర్ విధానం ఫలితంగా వడ్డీ రేట్లు 20 శాతం దాకా పోయాయి. నిరుద్యోగం పెరిగింది. 1980 ఎన్నికల్లో కార్టర్ ఓడిపోయాడు. 1983 నాటికి ధరల పెరుగుదల 4 శాతం లోపుకు దిగింది. ఎంపిక చేసిన నాయకుడికి నష్టం జరిగింది, దేశానికి మేలు జరిగింది. ఆ ఎంపికను మంచిదనాలా, చెడ్డదనాలా? ‘ఎవరికి మంచిది’ అని ముందు తేల్చుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

4. మన దగ్గరి రెండు ఉదాహరణలు

2003 నుంచి 2013 దాకా పదేళ్లపాటు వరసగా ఇద్దరు తెలుగువారు రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా ఉన్నారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారులే. ఇద్దరూ అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందినవారే. అయినా వారి నియామకాలు మనకు వేరువేరు పాఠాలు నేర్పుతాయి.

4.1 వై.వి. రెడ్డి (2003-2008)

యాగా వేణుగోపాల్ రెడ్డి కడప జిల్లా వారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. 1991 విదేశీ చెల్లింపుల సంక్షోభ కాలంలో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖలో పనిచేశారు. 1996 నుంచి 2002 దాకా రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉన్నారు. తరవాత అంతర్జాతీయ ద్రవ్యనిధిలో పనిచేస్తుండగా 2003 సెప్టెంబరులో గవర్నరుగా వచ్చారు. నియమించింది వాజ్‌పేయి ప్రభుత్వం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన ప్రధాని కూడా వాజ్‌పేయే. 2004లో ప్రభుత్వం మారింది. రెడ్డి పదవీకాలంలో నాలుగేళ్లకు పైగా మన్మోహన్ సింగ్ ప్రధానిగా, ఎక్కువ కాలం చిదంబరం ఆర్థిక మంత్రిగా ఉన్నారు.

ఆ ఏళ్లలో గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల్లో స్థలాల ధరలు ఎలా పెరిగాయో మీ ఇంట్లో పెద్దలను అడగండి, చెబుతారు. దేశమంతటా నిర్మాణ రంగానికి బ్యాంకు అప్పులు వేగంగా పెరుగుతుండగా రిజర్వు బ్యాంకు పగ్గాలు బిగించింది. వాణిజ్య స్థిరాస్తి అప్పులపై ‘రిస్క్ భారాన్ని’ 100 శాతం నుంచి 2005లో 125 శాతానికి, 2006లో 150 శాతానికి పెంచింది. దీని అర్థం సులువే. బ్యాంకులు తమ అప్పులకు రక్షణగా 9 శాతం సొంత మూలధనం ఉంచుకోవాలి. రిస్క్ భారం 100 శాతమైతే 100 రూపాయల అప్పుకు 9 రూపాయలు చాలు. 150 శాతమైతే 13 రూపాయల 50 పైసలు ఉంచాలి. అంటే అలాంటి అప్పు ఇవ్వడం బ్యాంకుకు ఖరీదవుతుంది. దీనితోపాటు, 2004లో 4.5 శాతంగా ఉన్న నగదు నిల్వల నిష్పత్తి 2008 ఆగస్టు నాటికి 9 శాతమైంది. రెపో రేటు 6 శాతం నుంచి 9 శాతానికి చేరింది. వృద్ధికి అడ్డుపడుతున్నారన్న విమర్శ అటు పరిశ్రమ నుంచీ, ఇటు ప్రభుత్వం నుంచీ వచ్చింది.

ఇప్పుడు మిమ్మల్ని 2008 ఆగస్టుకు తీసుకువెళ్తాను. టోకు ధరల పెరుగుదల 12 శాతం దాటింది. వడ్డీలు ఎక్కువ, ధరలూ ఎక్కువ. ఆ నెలలో గవర్నరు పనితీరుకు మార్కులు వేయమంటే చాలామంది తక్కువే వేసేవారు. పగ్గాలు మరీ బిగించారని తరగతిలో నేనూ అన్నాను. సెప్టెంబరు 5న ఆయన పదవీకాలం ముగిసింది. సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఇళ్ల అప్పుల మీద కట్టుకొన్న పేకమేడలు కూలి, పాశ్చాత్య దేశాల పెద్ద బ్యాంకులు ప్రభుత్వ సొమ్ముతో గట్టెక్కవలసి వచ్చింది. మన బ్యాంకులు నిలబడ్డాయి. అదే గవర్నరును ప్రపంచమంతా ముందుచూపు గలవాడని మెచ్చుకొంది. 2010లో పద్మవిభూషణ్ వచ్చింది.

కొద్ది వారాల్లో తీర్పు తలకిందులైంది. ఆ వారాల్లో రెడ్డి చేసినదేమీ లేదు. ఆయన అప్పటికే పదవిలో లేరు. మారింది లోకం. ఫలితాన్ని ఒక్క తేదీ నుంచి చూసి ఎంపికకు మార్కులు వేయడం ఎంత ప్రమాదమో ఇది చెబుతుంది. పొగడ్తలోనూ అంతే జాగ్రత్త అవసరం. బ్యాంకుల్లో అధిక భాగం ప్రభుత్వ రంగంలో ఉండటం, విదేశీ పెట్టుబడి రాకపోకలపై ఆంక్షలు ఉండటం కూడా మనల్ని కాపాడాయి. ఘనతంతా ఒక వ్యక్తికే కట్టబెట్టలేం.

4.2 డి. సుబ్బారావు (2008-2013)

దువ్వూరి సుబ్బారావు ఏలూరులో పుట్టారు. 1972 ఐఏఎస్‌లో ప్రథమ స్థానం. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శిగా, ప్రపంచ బ్యాంకులో, ఆ తరవాత కేంద్ర ఆర్థిక కార్యదర్శిగా పనిచేశారు. ఆర్థిక మంత్రిత్వ శాఖ నుంచి నేరుగా గవర్నరు పదవికి వచ్చారు. అందువల్ల ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకొంటారేమో అన్న అనుమానం కొందరిలో కలిగింది.

పదవి చేపట్టిన పదో రోజున లేమన్ కూలింది. ఆయన నాయకత్వంలో రిజర్వు బ్యాంకు 2008 అక్టోబరు నుంచి 2009 ఏప్రిల్ మధ్య రెపో రేటును 9 శాతం నుంచి 4.75 శాతానికి తగ్గించింది. ఆ తరవాత ధరలు పెరగడంతో, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా 13 సార్లు పెంచి 8.5 శాతానికి చేర్చింది. ప్రభుత్వంతో విభేదాలు దాగలేదు. 2012 అక్టోబరులో రేటు తగ్గించనందుకు, వృద్ధి కోసం అవసరమైతే ప్రభుత్వం ఒంటరిగానే నడుస్తుందని ఆర్థిక మంత్రి చిదంబరం బహిరంగంగానే అన్నారు. 2013 ఆగస్టులో తన చివరి ప్రసంగాల్లో ఒకదానిలో సుబ్బారావు ఆ మాటకు చమత్కారంగా బదులిచ్చారు: రిజర్వు బ్యాంకుతో విసిగి ఒంటరి నడకకు బయలుదేరిన మంత్రి కూడా, అది ఉన్నందుకు ఏదో ఒకనాడు దేవుడికి దండం పెట్టుకొంటారని ఆశించారు.

‘ప్రభుత్వ మనిషి’ అవుతారనుకొన్న అధికారి అలా కాలేదు. ఎక్కడి నుంచి వచ్చారో చూసి ఎటు వంగుతారో ఊహించలేం.

మరొక సంగతి. రేట్ల పెంపు ఇంకొంచెం ముందుగా, ఇంకొంచెం వేగంగా జరిగి ఉండాల్సిందని, వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తోందని ఆయనే అదే ప్రసంగంలో ఒప్పుకొన్నారు. నిర్ణయం తీసుకొన్న నాడు చేతిలో ఉన్న గణాంకాలు వేరు, సవరించాక తేలిన గణాంకాలు వేరు. తప్పు ఒప్పుకొన్నంత మాత్రాన ఆయన ఎంపిక చెడ్డదైపోదు.

5. నాలుగు ప్రశ్నలు

ఈ ఉదాహరణల నుంచి ఏ నియామకానికైనా వర్తించే నాలుగు ప్రశ్నలు తయారు చేసుకోవచ్చు.

మొదటి ప్రశ్న: ఎంపిక చేసిన నాడు ఏం తెలుసు? తరవాత జరిగినదాన్ని కాసేపు పక్కన పెట్టండి. 2003లో రెడ్డికి డిప్యూటీ గవర్నరుగా ఆరేళ్ల అనుభవం ఉందని తెలుసు. 2008లో సుబ్బారావుకు పరిపాలనా అనుభవం, అర్థశాస్త్ర జ్ఞానం ఉన్నాయని తెలుసు. లేమన్ కూలుతుందని నియామకం జరిగిన నాడు ఎవరూ ఊహించలేదు. నాయకుడిని తెలియగలిగిన విషయాలకే బాధ్యుణ్ణి చేయాలి.

రెండో ప్రశ్న: పనికి కావలసిన యోగ్యత ఉందా? పట్టా ఒక్కటే యోగ్యత కాదు. 2018 డిసెంబరులో నియమితులైన శక్తికాంత దాస్ చరిత్రలో ఎం.ఏ. చేశారని విమర్శించినవారున్నారు. ఆయన కోవిడ్ కాలం మీదుగా ఆరేళ్లు పనిచేశారు. అర్థశాస్త్రం తెలియాలి, మార్కెట్లు తెలియాలి, ప్రభుత్వం నడిచే తీరు తెలియాలి. మూడూ ఒక్కరిలోనే సమపాళ్లలో దొరకవు. లోటును డిప్యూటీ గవర్నర్లు, కమిటీ పూరించగలరా అని కూడా చూడాలి. కాదని చెప్పే ధైర్యం మాత్రం అరువుకు దొరికేది కాదు. అభ్యర్థి గతంలో పై అధికారికి ఎప్పుడైనా భిన్నాభిప్రాయం చెప్పాడా అన్నది మంచి ఆనవాలు.

మూడో ప్రశ్న: ఎంపిక పద్ధతి ఎలాంటిది? అమెరికాలో అధ్యక్షుడు ప్రతిపాదించిన వ్యక్తిని సెనేట్ బహిరంగంగా ప్రశ్నించి ఆమోదించాలి. బ్రిటన్‌లో 2012లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు పదవికి మొదటిసారిగా పత్రికా ప్రకటన ఇచ్చి దరఖాస్తులు కోరారు. కెనడాకు చెందిన మార్క్ కార్నీ ఎంపికయ్యారు. మన దేశంలో పార్లమెంటు ఆమోదం అవసరం లేదు. పదవీకాలం కూడా ముఖ్యమే. రెడ్డికి అయిదేళ్లు ఇచ్చారు. సుబ్బారావుకు ముందు మూడేళ్లు ఇచ్చి, తరవాత రెండేళ్లు పొడిగించారు. రఘురామ్ రాజన్ మూడేళ్లకే వెళ్లిపోయారు. కాలం తక్కువగా ఉండి, పొడిగింపు ప్రభుత్వం చేతిలో ఉంటే, ఎంత నిజాయతీపరుడి నిర్ణయాన్నయినా లోకం అనుమానంగా చూసే అవకాశం ఉంది.

నాలుగో ప్రశ్న: ఎంపిక చేశాక పని చేయనిచ్చారా? నియామకం ఒక్క రోజులో ముగిసే పని కాదు. వాజ్‌పేయి ప్రభుత్వం నియమించిన గవర్నరును మన్మోహన్ ప్రభుత్వం, విభేదాలున్నా, అయిదేళ్లూ కొనసాగనిచ్చింది. రెడ్డి విషయంలో మార్కులు ఇద్దరికీ వేయాలి. అందరి విషయంలోనూ ఇలా జరగలేదు. 1957లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారితో వివాదం వచ్చినప్పుడు ప్రధాని నెహ్రూ మంత్రిని సమర్థించడంతో గవర్నరు బెనగల్ రామారావు రాజీనామా చేశారు. 2018 డిసెంబరులో, రిజర్వు బ్యాంకుకూ ప్రభుత్వానికీ మధ్య విభేదాలు రచ్చకెక్కిన తరవాత, ఉర్జిత్ పటేల్ వ్యక్తిగత కారణాలు చెప్పి పదవీకాలం ముగియకుండానే తప్పుకొన్నారు. టర్కీలో పరిస్థితి మరీ విషమించింది. 2019 జులై నుంచి 2021 మార్చి మధ్య అధ్యక్షుడు ఎర్డోగాన్ ముగ్గురు గవర్నర్లను తొలగించాడు. మూడో గవర్నరు రేటు పెంచిన రెండు రోజులకే పదవి పోగొట్టుకొన్నాడు. 2022 అక్టోబరులో ఆ దేశంలో ధరల పెరుగుదల 85 శాతం దాటింది.

6. మనం చేసే మూడు పొరపాట్లు

మొదటిది ‘మనవాడు’ అన్న అభిమానం. ఇద్దరు తెలుగువారు ఆ కుర్చీలో కూర్చున్నారని సంతోషించవచ్చు. కానీ అది ఎంపికకు కొలబద్ద కాదు.

రెండోది ‘మన పార్టీ’ అన్న చూపు. మనకు నచ్చిన నాయకుడు ఎంపిక చేస్తే దూరదృష్టి, నచ్చని నాయకుడు చేస్తే కుట్ర అనుకోవడం. రెడ్డి రెండు ప్రభుత్వాల కింద, రాజన్ రెండు ప్రభుత్వాల కింద పనిచేశారు. పార్టీ కళ్లద్దాలతో చూస్తే వారి గురించి ఏమీ తేల్చలేం.

మూడోది ‘మన జేబు’. 2013 ఆగస్టు చివర డాలరు 68 రూపాయలు దాటింది. డాలర్లలో సంపాదించే హైటెక్ సిటీ కంపెనీలకు రూపాయల్లో రాబడి పెరిగింది. అదే కంపెనీ ఉద్యోగి పెట్రోలు బంకు దగ్గర ఎక్కువ చెల్లించాడు. ఇంటి అప్పు ఉన్న కొడుకు, డిపాజిట్ ఉన్న తండ్రి ఒకే గవర్నరుకు వేరువేరు మార్కులు వేస్తారు. ఇద్దరికీ న్యాయంగా కనిపించే కొలత కావాలంటే సొంత జేబును పక్కన పెట్టి చూడాలి.

7. సారాంశం

గవర్నరు ఎంపికను ఫలితాన్ని బట్టి మాత్రమే అంచనా వేస్తే అదృష్టానికి మార్కులు వేసినట్టవుతుంది. పేరును బట్టి మాత్రమే అంచనా వేస్తే అభిమానానికి వేసినట్టవుతుంది. నాడు తెలిసిందేమిటి, యోగ్యత ఏమిటి, పద్ధతి ఏమిటి, తరవాత పని చేయనిచ్చారా అన్న నాలుగింటినీ కలిపి చూడాలి. ప్రభుత్వంతో విభేదం వచ్చినంత మాత్రాన ఎంపిక చెడ్డది కాదు, విభేదం లేనంత మాత్రాన మంచిదీ కాదు. తనకు కాదని చెప్పగల వ్యక్తిని ఎంచుకొని, ఆ వ్యక్తి కాదన్న రోజున సహించగలిగిన నాయకుడే ఈ పరీక్షలో నెగ్గుతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రిజర్వు బ్యాంకు చట్టంలోని 7, 8, 11 సెక్షన్లు ప్రభుత్వానికి ఇచ్చే అధికారాలేమిటి?
2. రిస్క్ భారం 125 శాతమైతే 100 రూపాయల అప్పుకు బ్యాంకు ఎంత మూలధనం ఉంచాలి? ఎలా లెక్కించారో చూపండి.
3. 2008 ఆగస్టులోనూ, అదే ఏడాది డిసెంబరులోనూ వై.వి. రెడ్డి పనితీరుపై తీర్పు ఎందుకు మారింది? ఆ మార్పు ఆయన ఎంపికను గురించి ఏమైనా చెబుతుందా?
4. ప్రస్తుత గవర్నరు నియామకానికి ఈ పాఠంలోని నాలుగు ప్రశ్నలను వర్తింపజేసి ఒక పేజీ రాయండి. రాసే ముందు మీకు ఇంటి అప్పు ఉందో, డిపాజిట్ ఉందో పై వరసలో రాసుకోండి. రాశాక మీ తీర్పును దానితో పోల్చి చూసుకోండి.